రాగిని మోసే రెండు పంపులు: మెంకీస్ వ్యాధిలో కొరత, విల్సన్ వ్యాధిలో నిల్వ ఎందుకు?

అధ్యాపిక_శ్రీకాకుళం

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. కణత్వచం పాఠంలో సోడియం, పొటాషియం పంపు వరకు చెప్పి ముగిస్తాము. ఈసారి ఒక విద్యార్థిని లేచి, ఇనుము, రాగి, జింకు కూడా అయాన్లే కదా మేడమ్, అవి ఏ దారిన లోపలికి వెళ్తాయి అని అడిగింది. సమాధానం కోసం చదువుతూ ఉంటే రాగి దగ్గర నాకే ఒక చిక్కు వచ్చింది.

మన ఒంట్లో ఏటీపీ7ఏ, ఏటీపీ7బీ అని రెండు ప్రోటీన్లు ఉన్నాయి. రెండూ కణానికి ఇంధనం లాంటి ఏటీపీ శక్తిని ఖర్చు చేసి రాగి అయాన్లను పొర దాటించేవే. అమైనో ఆమ్లాల వరుసలో సగానికి పైగా రెండింటికీ ఉమ్మడి. అయినా మొదటిది చెడిపోతే వచ్చే మెంకీస్ వ్యాధిలో బిడ్డ రాగి అందక చిక్కిపోతాడు, రెండోది చెడిపోతే వచ్చే విల్సన్ వ్యాధిలో కాలేయంలోనూ మెదడులోనూ రాగి పేరుకుపోతుంది. ఒకే పని చేసే రెండు పంపులు పాడైతే ఫలితాలు ఇలా తలకిందులు కావడానికి కారణం ఏమిటో, పిల్లలకు చెప్పగలిగేలా ఎవరైనా వివరించగలరా?

పొరల_పరిశోధకుడు

మేడమ్, ముందుగా రాగి లోపలికి వచ్చే దారి చెబుతాను. దాన్ని దాటకుండా మీ ప్రశ్నకు సమాధానం పూర్తి కాదు.

కణత్వచం నడిమి భాగమంతా కొవ్వు. విద్యుదావేశం ఉన్న ఏ అయానూ దాన్ని తనంతట తాను దాటలేదు, కాబట్టి ప్రతి లోహానికీ ఒక ప్రోటీన్ దారి చూపాలి. ఆహారంలోని రాగి ఎక్కువగా రెండు ధనావేశాలున్న రూపంలో ఉంటుంది. పేగు కణం ఉపరితలం మీద ఉండే క్షయకరణ ఎంజైమ్‌లు దానికి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, ఒక్క ధనావేశం ఉన్న రాగిగా మారుస్తాయి. సీటీఆర్1 అనే ద్వారం ఆ రూపాన్నే తీసుకుంటుంది. ఈ ప్రోటీన్ 190 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఒక్కొక్క గొలుసు పొరను మూడుసార్లు దాటుతుంది, అలాంటి మూడు గొలుసులు కలిసి నిలబడితే వాటి నడుమ ఒక సన్నని రంధ్రం ఏర్పడుతుంది. రంధ్రం మొదట్లో గంధకం ఉన్న మెథియోనిన్లు మూడేసి చొప్పున వలయాలుగా ఉంటాయి. ఒక్క ధనావేశం ఉన్న రాగికి గంధకం మీద మక్కువ ఎక్కువ కాబట్టి అది ఒక వలయం నుంచి మరో వలయానికి మారుతూ లోపలికి దిగుతుంది, సోడియం, పొటాషియం ఆ దారి పట్టవు. మానవ సీటీఆర్1 జన్యువును 1997లో గుర్తించారు. రాగిని తీసుకోలేని ఈస్ట్ కణాలలో మానవ జన్యువులను ప్రవేశపెట్టి, ఏ జన్యువు వాటి లోపాన్ని సరిచేస్తుందో చూసి దీన్ని పట్టుకున్నారు. ఈ జన్యువు పూర్తిగా తీసేసిన ఎలుకలు పిండదశలోనే చనిపోతాయి.

లోపలికి వచ్చిన రాగి విడిగా తిరగదు. దాన్ని చేతులు మార్చి తీసుకువెళ్ళే చిన్న ప్రోటీన్లు ఉన్నాయి. ఏటాక్స్1 అనేది రాగిని మీరు అడిగిన రెండు పంపులకు అందిస్తుంది. సీసీఎస్ అనేది సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైమ్‌కు, కాక్స్17 మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్‌కు చేర్చే వరుసలో పని చేస్తాయి.

రసాయన_రవి

ఇక్కడ నాకు ఒక సందేహం ఉంది. మీరు చెప్పిన సీటీఆర్1 ద్వారం ఏటీపీని వాడదు. కణంలో ఉన్న మొత్తం రాగి బయటి ద్రవంలోని రాగి కన్నా తక్కువేమీ కాదు. అలాంటప్పుడు శక్తి ఖర్చు లేకుండా అది లోపలికే ఎందుకు పోతుంది? గాఢత తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు ఏ అయానూ ఊరికే వెళ్ళదు కదా.

పొరల_పరిశోధకుడు

రవి గారూ, గాఢతను లెక్కించేటప్పుడు మొత్తం రాగిని కాక, దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న రాగిని లెక్కించాలి. కణద్రవంలో గ్లూటాతయోన్, మెటలోథయోనిన్, ఇంతకుముందు చెప్పిన వాహక ప్రోటీన్లు, ఇవన్నీ గంధకంతో రాగిని గట్టిగా పట్టుకుంటాయి. 1999లో ఈస్ట్ కణాల మీద చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, విడిగా తిరిగే రాగి సగటున కణానికి ఒక్క అయాను కూడా ఉండదని లెక్కగట్టింది. అంటే లోపలి వైపు విడి రాగి దాదాపు శూన్యం. లోపలికి దిగిన ప్రతి అయానునూ వెంటనే ఎవరో ఒకరు అందుకుంటారు కాబట్టి ప్రవాహం లోపలికే సాగుతుంది.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. విడిగా తిరిగే రాగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది, అది తగిలిన డీఎన్ఏను, కొవ్వును, ప్రోటీన్‌ను దెబ్బతీస్తుంది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చి పుచ్చుకునే గుణం వల్లనే రాగి ఎంజైమ్‌లకు పనికివస్తుంది, ఆ గుణం వల్లనే విడిగా ఉంటే ప్రమాదం అవుతుంది.

ఇక పంపుల సంగతి. ఏటీపీ7ఏలో 1500, ఏటీపీ7బీలో 1465 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. రెండింటికీ ముందు భాగంలో, కణద్రవంలోకి వేలాడుతూ, ఆరు చిన్న మడతలు ఉంటాయి. ఒక్కొక్క మడతలో సిస్టీన్ అనే, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు రెండు కలిసి ఒక రాగి అయానును పట్టుకోగలవు. ఏటాక్స్1 మడత కూడా అచ్చంగా ఇదే ఆకారంలో ఉంటుంది, అందుకే రాగి ఒకదాని సిస్టీన్ల నుంచి మరొకదాని సిస్టీన్లకు జారడం తేలిక. పొర లోపల సిస్టీన్, ప్రోలిన్, సిస్టీన్ అనే వరుస రాగిని అందుకుంటుంది. ఆ తర్వాత ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ విడివడి పంపులోని ఒక ఆస్పార్టిక్ ఆమ్లానికి అతుక్కుంటుంది, దానితో పంపు ఆకారం మారి రాగి అవతలి వైపుకు విడుదల అవుతుంది, ఫాస్ఫేట్ ఊడిపోగానే పంపు మళ్ళీ మొదటి ఆకారానికి వస్తుంది. మీ పాఠంలోని సోడియం, పొటాషియం పంపు కూడా ఈ కుటుంబానిదే మేడమ్, కాబట్టి పిల్లలకు కొత్తగా యంత్రాంగం చెప్పనక్కరలేదు, అయాను మాత్రమే మారుతుంది.

రసాయన_రవి

ఇప్పుడు స్పష్టమైంది, కృతజ్ఞతలు. ఈ కుటుంబం మాట వచ్చింది కాబట్టి తెలుగువారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి చెబుతాను. ఏటీపీ విరిచే పంపు ఎంత చురుకుగా ఉందో తెలుసుకోవాలంటే అది విడుదల చేసే ఫాస్ఫేట్‌ను కొలవాలి. దానికి ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఆధారపడింది 1925లో వెలువడిన ఫిస్కే, సుబ్బారావు రంగు పద్ధతి మీద. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఏటీపీని కండరంలో మొదట గుర్తించిన వారిలో కూడా వారిద్దరూ ఉన్నారు, అది 1929.

అయితే మేడమ్ అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

కాలేయ_వైద్యురాలు

నేను ప్రయత్నిస్తాను. మేడమ్, మీ చిక్కు విడదీయడానికి ఆ పంపు ఏ అవయవంలో ఉంది, ఆ అవయవంలోని కణానికి ఏ పక్కన ఉంది అన్న రెండు విషయాలు చాలు.

రాగి తక్కువగా ఉన్నప్పుడు రెండు పంపులూ గాల్జీ సంక్లిష్టం, అంటే కణంలో ప్రోటీన్లను సిద్ధం చేసి పంపే భాగం, చివరి సంచులలో ఉంటాయి. అక్కడ రాగిని సంచి లోపలికి తోసి, అప్పుడే తయారవుతున్న ఎంజైమ్‌లలో రాగి నిండేలా చూస్తాయి. రాగి ఎక్కువైతే గాల్జీని వదిలి కణం అంచుకు ప్రయాణిస్తాయి. ఏటీపీ7ఏ ఇలా కదులుతుందని 1996లో చూపించారు. తేడా అంతా ఆ ప్రయాణం ఎటు అన్నదే. పేగు కణంలో ఏటీపీ7ఏ రక్తం వైపు అంచుకు చేరి, తిన్న రాగిని రక్తంలోకి పంపుతుంది. కాలేయ కణంలో ఏటీపీ7బీ పైత్యరస నాళిక వైపుకు చేరి, మిగులు రాగిని పైత్యంలోకి వదిలి మలంతో బయటికి పంపుతుంది. రాగి శరీరాన్ని వదిలే ప్రధాన మార్గం అదే, మూత్రంలో పోయేది చాలా స్వల్పం.

కనుక ఏటీపీ7ఏ లేని బిడ్డకు ఎంత రాగి తినిపించినా అది పేగు కణాలలోనే చిక్కుకుపోతుంది. ఆ కణాలు రాగితో నిండి ఉంటాయి, ఒళ్ళు మాత్రం రాగికి మొహం వాచి ఉంటుంది. ఏటీపీ7బీ లేని మనిషికి పేగు బాగానే ఉంది, రాగి రోజూ లోపలికి వస్తుంది, పైత్యం దారి మూసుకుపోయింది కాబట్టి కాలేయంలో పేరుకుంటుంది, కాలేయం పట్టలేనిది రక్తంలోకి చిమ్మి మెదడుకు, కంటి నల్లగుడ్డు అంచుకు చేరుతుంది. ఆ అంచున గోధుమ పచ్చ రంగులో కనిపించే వలయాన్నే కైజర్, ఫ్లైషర్ వలయం అంటాము. విల్సన్ ఈ వ్యాధిని వర్ణించింది 1912లో, మెంకీస్ తన వ్యాధిని వర్ణించింది 1962లో, రెండింటి జన్యువులూ దొరికింది మాత్రం ఒకే సంవత్సరం, 1993.

మెంకీస్ వ్యాధి గురించి మీ పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది రాగి కొరత అని మొదట పదేళ్ళ పాటు ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ డాంక్స్ అనే పిల్లల వైద్యుడు, ఈ బిడ్డల పెళుసైన, మెలితిరిగిన జుట్టు, రాగి తక్కువ ఉన్న నేలల్లో మేసిన గొర్రెల ఉన్నిని పోలి ఉందని గమనించి రక్తంలో రాగి కొలిపించాడు. అది చాలా తక్కువగా ఉంది. ఆ సంగతి 1972లో వెలువడింది. జుట్టు రంగు తగ్గడానికి, రంగును తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌కు రాగి అందకపోవడం, రక్తనాళాలు వంకరలు తిరగడానికి, వాటి గోడలకు గట్టిదనం ఇచ్చే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కు అందకపోవడం కారణం. గొర్రెల కాపరులకు తెలిసిన విషయం ఆసుపత్రికి పనికివచ్చిన ఈ సందర్భం నాకు ఎప్పుడూ గౌరవంగా తోస్తుంది.

రసాయన_రవి

డాక్టర్ గారూ, స్థానమే కారణమని ఎలా నమ్మాలి? పంపుల పనితనంలోనే తేడా ఉండవచ్చు కదా.

పొరల_పరిశోధకుడు

దానికి ప్రయోగం ఉంది రవి గారూ. మెంకీస్ రోగుల చర్మం నుంచి పెంచిన కణాలు రాగిని బయటికి పంపలేక లోపలే పోగుచేసుకుంటాయి. 1998లో ఆ కణాలలో ఏటీపీ7బీని, అంటే విల్సన్ వ్యాధికి సంబంధించిన పంపును ప్రవేశపెట్టి చూశారు. అది వాటి లోపాన్ని సరిచేసింది. పనిలో ఒకటి మరొకదానికి బదులు నిలబడగలదు. శరీరంలో నిలబడలేకపోవడానికి కారణం, పేగులో ఏటీపీ7ఏ చేయవలసిన పనిని, కాలేయంలో ఏటీపీ7బీ చేయవలసిన పనిని రెండోది అందుకోగలిగేలా జన్యువులు ఆ కణజాలాలలో పలకకపోవడమే. పుట్టిన తర్వాత కాలేయ కణంలో ఏటీపీ7ఏ చాలా తక్కువ. పైగా కణంలో ఏ అంచుకు వెళ్ళాలో చెప్పే సంకేతాలు రెండు ప్రోటీన్లలోనూ వేరు.

తెనాలి_తండ్రి

చదువుతూ ఉన్నాను, చాలా విషయాలు ఇప్పుడే తెలిశాయి. మా అబ్బాయికి విల్సన్ వ్యాధి ఉందని తేలింది. మొదట పెన్సిలమిన్ ఇచ్చారు, కొంతకాలం తర్వాత మార్చి ఇప్పుడు జింకు మాత్రలు ఇస్తున్నారు. రాగి ఎక్కువైన బిడ్డకు మరో లోహాన్ని ఇవ్వడం ఏమిటని మా ఇంట్లో పెద్దలు భయపడుతున్నారు. మందు మానిపించమని మా అత్తగారు రోజూ అంటున్నారు. డాక్టరుగారిని అడిగాము, రాగిని ఆపుతుంది అన్నారు గాని ఎలా ఆపుతుందో చెప్పే తీరిక వారికి లేదు. దయచేసి మీరెవరైనా చెప్పగలరా?

కాలేయ_వైద్యురాలు

అయ్యా, ముందుగా ఒక్క మాట. మాత్ర మానిపించకండి. విల్సన్ వ్యాధిలో చికిత్స జీవితాంతం సాగాలి, బాగున్నాడని ఆపేసిన వారిలో కాలేయం ఉన్నట్టుండి దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. మార్పు ఏదైనా మీ వైద్యుడి ద్వారానే జరగాలి.

ఇక జింకు ఎలా పని చేస్తుందో చెబుతాను, మీ అత్తగారికి కూడా వివరించండి. జింకుకు పేగులో తన ద్వారం వేరే ఉంది, దాని పేరు జిప్4. జింకు పేగు కణంలోకి ఎక్కువగా వస్తే ఎంటీఎఫ్1 అనే ప్రోటీన్ దాన్ని పసిగట్టి, మెటలోథయోనిన్ తయారీని పెంచుతుంది. మెటలోథయోనిన్ అరవైకి కాస్త పైగా అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రోటీన్, అందులో 20 సిస్టీన్లు ఉంటాయి, అంటే దాదాపు మూడో వంతు గంధకం ఉన్నవే. ఆ గంధకానికి జింకు కన్నా రాగి మీద పట్టు ఎక్కువ. అందుచేత జింకు కోసం తయారైన మెటలోథయోనిన్, సీటీఆర్1 ద్వారా లోపలికి వచ్చిన రాగిని పట్టేసుకుంటుంది. ఏటీపీ7ఏ చేతికి అది అందదు, రక్తంలోకి వెళ్ళదు. పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి, రాలినవాటితో పాటు ఆ రాగి కూడా మలంలో పోతుంది. ఇది తిన్న రాగికే కాదు, లాలాజలంలోనూ జీర్ణరసాలలోనూ రోజూ పేగులోకి ఊరే రాగికి కూడా వర్తిస్తుంది. అందువల్ల నిల్వ కూడా మెల్లగా తగ్గుతుంది.

ఒక రకంగా మీ అబ్బాయి పేగులో, మెంకీస్ వ్యాధిలో జరిగే చిక్కును మందు ద్వారా పరిమితంగా సృష్టిస్తున్నాము. పెన్సిలమిన్ దారి వేరు. 1956లో జాన్ వాల్ష్ ప్రవేశపెట్టిన ఆ మందు రాగిని పట్టుకుని మూత్రంలోకి తీసుకుపోతుంది, మూసుకుపోయిన పైత్యం దారికి బదులు మూత్రపిండాల దారి తెరుస్తుంది. పోగుపడిన రాగిని త్వరగా తీయడానికి అది, ఆ తర్వాత మళ్ళీ చేరకుండా చూడడానికి జింకు, ఇలా ఇవ్వడం చాలాచోట్ల ఉన్న పద్ధతే.

జింకు మాత్రను అన్నంతో కలిపి ఇవ్వవద్దని చెప్పి ఉంటారు. ధాన్యాలలో, పప్పులలో ఉండే ఫైటేట్ జింకును పట్టేసుకుంటుంది. భోజనానికి గంట ముందు గాని, రెండు గంటల తర్వాత గాని ఇవ్వాలనడం అందుకే.

ఇత్తడి_బిందె

డాక్టర్ గారూ, రాగి చెంబులో రాత్రంతా నీళ్ళు ఉంచి పొద్దున్నే తాగడం మా ఇంట్లో అలవాటు. ఇప్పుడు ఇది చదివాక ఆపేయాలా? అలాగే కోవిడ్ రోజుల నుంచి మా నాన్నగారు జింకు మాత్రలు వేసుకుంటున్నారు, మంచిదే కదా?

కాలేయ_వైద్యురాలు

రెండూ వేరు వేరు ప్రశ్నలు. కాలేయం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో, చెంబు నీళ్ళతో వచ్చే రాగిని ఏటీపీ7బీ పైత్యంలోకి పంపేస్తుంది. తాగునీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. విల్సన్ వ్యాధి ఉన్నవారు మాత్రం రాగి, ఇత్తడి పాత్రల నీళ్ళు అసలు తాగకూడదు. తెనాలి నుంచి రాసిన తండ్రిగారు ఇది గమనించాలి.

పసిపిల్లల విషయంలో నేను గట్టిగా చెబుతాను. పుట్టినప్పుడు బిడ్డ కాలేయంలో సహజంగానే రాగి ఎక్కువ, పైత్యం ద్వారా పంపే శక్తి ఇంకా కుదురుకోదు. మన దేశంలో ఒకప్పుడు పసిపిల్లలను బలిగొన్న కాలేయ వ్యాధి ఒకటుండేది, వైద్య గ్రంథాలలో దాని పేరే భారతీయ శైశవ సిరోసిస్. ఆ బిడ్డల కాలేయంలో రాగి విపరీతంగా ఉండేది. కళాయి లేని ఇత్తడి గిన్నెలలో కాచి నిల్వ ఉంచిన పాలు పట్టడం దానికి ముఖ్య కారణమై ఉండవచ్చని 1980లలో పుణే ప్రాంతంలో జరిగిన పరిశోధనలు ఎత్తిచూపాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ఆ గిన్నె రాగిని పట్టుకుంటుంది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ వ్యాధి దాదాపు కనుమరుగైంది. మన పాత ఇళ్ళలో ఇత్తడి గిన్నెకు కళాయి పోయిన వెంటనే మళ్ళీ వేయించేవారు, చింతపండు పులుసు, మజ్జిగ అందులో ఉంచేవారు కారు. ఇప్పుడు పాత పాత్రలను మోజుతో తెచ్చుకునేవారు చాలామంది కళాయి సంగతి మరచిపోతున్నారు.

మీ నాన్నగారి మాత్ర గురించి: సలహా లేకుండా ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో జింకు వేసుకుంటే, నేను పైన చెప్పిన మెటలోథయోనిన్ మార్గమే ఆయనలో రాగి కొరత తెస్తుంది. రక్తహీనత, తెల్ల కణాలు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కి నడక తూలడం, ఇవి లక్షణాలు. బీ12 లోపంలాగే కనిపిస్తుంది కాబట్టి పొరబడే అవకాశం ఎక్కువ. దంతాల సెట్టు అతికించే జింకు కలిసిన క్రీమును అతిగా వాడినవారిలో కూడా ఇది చూశారు. మాత్ర మీద ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూసి వైద్యుడిని అడగండి.

అధ్యాపిక_శ్రీకాకుళం

రాగి కొరతలో రక్తహీనత అన్నారు. హిమోగ్లోబిన్‌లో ఉండేది ఇనుము కదా, రాగికి అక్కడ పని ఏమిటి?

పొరల_పరిశోధకుడు

ఇనుమును పొర దాటించడానికి రాగి కావాలి మేడమ్. పేగు కణంలోకి ఇనుము డీఎంటీ1 అనే వాహకం ద్వారా, ఒక ప్రోటాన్‌తో జతగా, రెండు ధనావేశాల రూపంలో వస్తుంది. రక్తం వైపుకు ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక్క ద్వారం ద్వారా, అదే రూపంలో వెళ్తుంది. రక్తంలో దాన్ని మోసే ట్రాన్స్‌ఫెరిన్ మాత్రం మూడు ధనావేశాల ఇనుమునే తీసుకుంటుంది. కనుక ద్వారం దగ్గరే ఒక ఎలక్ట్రాన్‌ను తీసేయాలి. పేగులో ఆ పని చేసేది హెఫేస్టిన్, రక్తంలో చేసేది సెరులోప్లాస్మిన్, రెండూ రాగి ఉన్న ఎంజైమ్‌లే. రాగి లేకపోతే తిన్న ఇనుము పేగు కణంలోనే నిలిచిపోతుంది. ఇనుము మాత్రమే ఇస్తే రక్తహీనత తగ్గని ఎలుకలకు కొద్దిగా రాగి చేర్చగానే హిమోగ్లోబిన్ పెరిగిందని 1928లోనే విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు చూపించారు. ద్వారాల పేర్లు తెలియడానికి ఆ తర్వాత డెబ్బై ఏళ్ళు పట్టింది: హెఫేస్టిన్ 1999లో, ఫెర్రోపోర్టిన్ 2000లో.

బోర్డు మీద ఒక పేగు కణాన్ని, ఒక కాలేయ కణాన్ని పక్కపక్కన గీసి, రక్తం ఎటు, పేగు లోపలి భాగం ఎటు, పైత్యం ఎటు అని ముందే గుర్తించి, ఆ తర్వాత ద్వారాలు నింపించండి. ఏ ద్వారం మూస్తే లోహం ఎక్కడ ఆగుతుందో పిల్లలే చెబుతారు.

తెనాలి_తండ్రి

డాక్టర్ గారూ, మా అత్తగారికి చదివి వినిపించాను, మాత్ర గురించి ఇక అభ్యంతరం లేదన్నారు. ఒక్క ప్రశ్న మిగిలింది. మాది మేనరికం. అబ్బాయికి ఒక చెల్లెలు ఉంది, ఏ లక్షణమూ లేదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. అంతటితో నిశ్చింతగా ఉండవచ్చా?

కాలేయ_వైద్యురాలు

ఆ ఒక్క పరీక్షతో నిశ్చింత పనికిరాదు. విల్సన్ వ్యాధి రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న ప్రతులు రావాలి. ఒక బిడ్డకు వచ్చిందంటే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికం ఉన్న కుటుంబాలలో ఇలాంటి వ్యాధులు ఎక్కువగా బయటపడేది తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఆ ప్రతి వచ్చి ఉండే అవకాశం పెరగడం వల్లనే.

కాలేయంలో తయారయ్యేటప్పుడు రాగి నిండని సెరులోప్లాస్మిన్ త్వరగా విరిగిపోతుంది, కాబట్టి చాలామంది రోగులలో అది తక్కువగా ఉంటుంది. అయితే జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది, అప్పుడు రోగిలో కూడా మామూలు అంకె రావచ్చు. పాపకు 24 గంటల మూత్రంలో రాగి, కాలేయ పరీక్షలు, కంటి అంచున వలయం ఉందేమో చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష కంటి వైద్యుడి చేత చేయించండి. అన్నిటికన్నా సూటి మార్గం, మీ అబ్బాయి ఏటీపీ7బీ జన్యువులో దొరికిన మార్పులు పాపలో ఉన్నాయో లేవో చూడడం. అబ్బాయి జన్యు నివేదిక మీ దగ్గర ఉంటే అది తీసుకువెళ్ళండి, అందులోని రెండు మార్పులనే వెతికితే సరిపోతుంది. ఒకవేళ ఉన్నాయని తేలినా, లక్షణాలు రాకముందే మొదలుపెట్టే చికిత్సకు ఫలితం చాలా బాగుంటుంది.